నలభై రెండో బల్ల

ఓడ మీద నా పేరు ఎరిక్.
ఎర్రయ్య అని రాస్తే ప్యాసింజర్ల నాలుక మడతపడుతుందని
సౌతాంప్టన్ ఆఫీసులో ఎవరో
జేబుకి గుచ్చిన ఇత్తడి పేరు.
తొమ్మిదేళ్లు దానికే పలికాను.

నలభై రెండో బల్ల మిసెస్ హెదర్సేజ్‌ది.
కిటికీ పక్కన, ఒక్కతే, ప్రతి జనవరీ.
సూపు చెంచా మన వైపు లాక్కోకూడదట,
అవతలికి తోసి ఎత్తాలట.
ట్రైనింగులో లేని ఆ పాఠం ఆవిడే చెప్పింది.
నాకు లోపల నవ్వు.
మా నోలియా వీధిలో
తెడ్డు ఇటు లాగినవాడే ఇల్లు చేరతాడు.

నల్ల టై రాత్రుళ్లు మరీ సరదా.
టై లేకుండా లిఫ్టు దగ్గర దొరికిపోయిన ఓ పెద్దమనిషి
నీది అద్దెకిస్తావా అని చెవిలో అడిగాడు.
ఇంకొకాయన తెల్లారకముందే
ఈత కొలను పక్క కుర్చీ మీద తువ్వాలు పరిచి
తీరిగ్గా టిఫినుకి పోయేవాడు.
మిసెస్ హెదర్సేజ్ ఏమీ అనదు.
కనుబొమ్మ ఒకటి, బియ్యపుగింజంత, పైకి లేస్తుంది.
ఆ తువ్వాలాయనకి దిగేదాకా
ఆవిడ గుడ్ మార్నింగ్ దక్కలేదు.

ఆఖరి రాత్రి కవరు.
చేతికివ్వదు.
రుమాలు కింద పెట్టి వాతావరణం గురించి మాట్లాడుతుంది.
నేనూ చూడనట్టే రుమాలు మడిచి
మబ్బు పట్టింది మేడమ్, అనాలి.

నేను ఓడ మానేసి
గోపాల్‌పూర్ లైట్‌హౌసు కింద టీ బడ్డీ పెట్టిన రెండో ఏడు
ఆవిడ వచ్చింది.
బరంపురంలో రైలు దిగి, ఆటోలో,
డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి,
చేతిలో నేనెప్పుడో రాసిచ్చిన చిరునామా చీటీ.
"ఎరిక్, మీ పడవ ఎక్కాలి. ఏం వేసుకోవాలి?"

నవ్వకుండా చెప్పాను.
చెప్పులు ఇసకలోనే విప్పెయ్యాలి.
ఈల వెయ్యకూడదు, గాలి తననే పిలిచారనుకుంటుంది.
కొబ్బరికాయ కొట్టేదాకా కూర్చోకూడదు.
మొదటి చేప గంగమ్మది, దానికి ఫొటో తియ్యకూడదు.
చిన్న పుస్తకంలో అంకెలు వేసి రాసుకుంది.
ఒకటి మాత్రం
చెప్పడం మరిచాను.

తెల్లారి నాలుగింటికి
మా మావ సూరాడ దానయ్య పడవ నీళ్లలోకి తోయించాడు.
మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటుతో
విందు బల్ల ముందున్నట్టే తిన్నగా కూర్చుంది ఆవిడ.
మూడో కెరటం దాటాం.
కెప్టెన్‌ని పలకరించకపోతే బాగోదనుకుందో ఏమో,
మావ వైపు తిరిగి, ఎంతో మర్యాదగా,
"ఎక్కడికి వెళ్తున్నాం?" అంది.

మావకి ఇంగ్లీషు రాదు.
"ఏటంటాందిరా ముసలమ్మ?"
అబద్ధం చెప్పొచ్చు.
నీళ్ల మీద చెప్పకూడదు, అది ఇంకో నియమం.
చెప్పాను.

మావ తిట్టలేదు. ఉమ్మలేదు.
ఇంజను గొంతు తగ్గించి పడవ వెనక్కి తిప్పాడు.
"ఎక్కడికని అడిగేక ఇంకేటి వేట? పద, ఇంటికి."
డీజిలు, ఐసు, నలుగురి పొద్దు,
అన్నీ ఇసకలో పోసినట్టే.

ఒడ్డున ఆవిడకి విడమరిచాను.
మూఢనమ్మకం అంటుందనుకున్నా.
చెవులు రెండూ ఎర్రబడ్డాయి.
సూపు గిన్నెలో చెయ్యి పెట్టిన పిల్లలా
కాసేపు తన కాళ్లకేసి చూసుకుంది.
పుస్తకం తీసి అయిదో అంకె వేసింది.
మావకి డబ్బివ్వబోతుందేమో, ఆయన విసిరికొడతాడేమో అని
నా గుండె దడ.
ఇవ్వలేదు.
అతని వలలు చాలా చక్కగా మడుస్తారని మాత్రం అంది.

మర్నాడు మూడున్నరకే వచ్చేసింది.
వట్టి కాళ్లు, బిగించిన పెదాలు.
మావ చూడనట్టే చూసి వల సర్దబోయాడు.
మడతలో కవరు.

నా వైపు చూశాడు. నేను నేల చూశాను.
ఆవిడ వైపు చూశాడు. ఆవిడ ఆకాశం చూస్తోంది.
నెత్తి మీద దులిపితే రాలేటన్ని చుక్కలు.
మావ కవరు రొంటిన దోపి
తనూ తలెత్తి కాసేపు చూశాడు.
"మబ్బేసింది," అన్నాడు, ఎవరితోనూ కాకుండా,
ఆవిడకి చెయ్యందిస్తూ.