మూడో గడి

ట్రైనింగుల నోటుబుక్కు ఇచ్చిండ్రు,
మూడు గడులు గీసి:
అనుకున్నది, చేసింది, మార్చుకున్నది.
నలభై రోజులు, రోజుకో వరుస.
పేరు కాడ అండాలు అని రాసిన,
సర్వీసు ఇరవై రెండేండ్లు.
ఇన్నేండ్లల్ల ఎన్ని నోటుబుక్కులు దిద్దిననో లెక్క లేదు,
నాదే ఒక్కటి దిద్దుకోలె.

మొదటి వారమంత ఆదివారం రాత్రి కూసోని నింపిన.
సోమవారం సంది శనివారం దాంక
ఒక్కటే నీలం సిరా, ఒక్కటే వంపు అక్షరం.
పిల్లలు గిట్ల చేస్తే దొరకవడ్తరు నాకు,
ఒక్క పూటల రాసిన వారం పని
సిరా చూస్తేనే ఎరుకైతది.
మూడో గడిల ఆరు సార్లు
"మార్పు అవసరం లేదు" అని ఉన్నది.

రెండో వారం బస్సులనే రాసుడు మొదలువెట్టిన.
కొండమల్లేపల్లి దాటినంక
బత్తాయి లోడు లారీ ఎనక మా బస్సు పడితే
అరగంట నాదే.
గుంతకో గీత పోతది, పోనీ.
ఒక వరుసల నిజమే రాసిన:
"రాత్రి ప్రాజెక్టు రాయాలె అనుకున్న.
చింతపండు గింజలు తీసిన. రెండు కిలోలు."
ఎవ్వరు అడగని చింతపండు.
తప్పించుకున్నదానికి గడి ఏది?
"చేసింది"లనే రాసిన. చేసిన కదా.

ఎర్రగుట్ట తండల నాలుగో తరగతి,
తీసివేతలు.
రెండుల నుంచి ఏడు పోదు,
పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో అన్న,
ఇరవై రెండేండ్ల సంది అంటున్నట్టే.
కేస్లీ లేచి నిలవడ్డది.
"తెచ్చినంక ఎప్పుడిస్తం మేడం?"

ఎవరో నవ్విండ్రు. నేను నవ్వలె.
ఆ పిల్ల ఇంట్ల అప్పంటే ఏందో
ఆమెకు నాకంటే ఎక్కువ తెలుసు.
ఆ రోజు వరుస:
అనుకున్నది, తీసివేతలు.
చేసింది, తీసివేతలు.
మూడో గడిల పెన్ను ఆగింది,
కొండమల్లేపల్లి వచ్చింది, పోయింది,
నల్లగొండల దిగే ముందు రాసిన:
"నాకు తెల్వది."

నాలుగు రోజులకు
నలభై రెండుల నుంచి పదిహేడు తీసింది కేస్లీ.
ఇరవై నాలుగు వచ్చింది.
నా చెయ్యి ఎర్రపెన్ను మూత మీదికి పోయింది.
అరచేయితోని పలక మూసింది ఆ పిల్ల:
"ఆగు మేడం, చెప్పకు."
నోట్లనే ఏక్, దీ, తీన్ అనుకుంట
వచ్చినదానికి పదిహేడు మల్ల కలిపింది.
నలభై ఒకటి.
ఒకటి తక్కువైందని తనకు తానే మొట్టుకున్నది,
ఉమ్మితోని తుడిసింది, మల్ల చేసింది,
మల్ల కలిపింది.
"ఇచ్చేసిన మేడం, అప్పు తీరింది."

గిది నేను నేర్పలె.
నేర్పిందల్లా ఆగుడు,
అదీ నాకు,
అదీ ఆమె నేర్పింది.
చెప్పకుంట ఉండుడు చెప్పుడు కంటే ఇంత బరువని
ఏ ట్రైనింగుల అనలె,
అని ఉంటే నేనప్పుడు
ఫోను చూస్తున్ననేమో.

నలభై రోజులైనయి.
పదకొండు వరుసలు ఖాళీగ ఉన్నయి,
ఖాళీగనే ఇయ్యాలని ఖాయం చేసుకున్న.
మొదటి వారం కాయిదం చింపుదామని పట్టుకొని,
చింపలె.
కింద నల్లసిరాతోని ఒక ముక్క రాసిన:
"ఇది ఒక్క రాత్రి రాసింది."
గదే నేను తిరిగిచ్చిన మొదటి అప్పు.

ఇయ్యాల ఇచ్చి వస్తున్న, ఖాళీ చేతులు.
బస్సు ఎక్కంగనే వేళ్లు పెన్ను కోసం దేవులాడినయి.
నలభై ఒకటో రోజుకు
ఎవ్వరు గడులు గీసియ్యలె.
సంచిల పాత డైరీ ఉన్నది, స్కేలు లేదు.
టికెట్టు అంచు ఆనిచ్చి
నేనే మూడు గీసుకున్న.
రెండోది కొంచెం వంకర వోయింది.