ఒర

గురువారం రాత్రి ఏడింటికి
బడి ఆటల హాలు నేల తుడిచి
నేను గోడకు ఆనుకోని నిలవడ్త.
చెప్పులు బయట వరుసగ విడిచి వాళ్ళొస్తరు:
లెబనాన్ పండ్ల డాక్టరు, ఇద్దరు ఫిలిప్పీన్ అన్నదమ్ములు,
గ్యాసు కంపెనీ ఇంజనీరు, ఆయన బిడ్డ.
లోపలికి అడుగు పెట్టంగనే నేలకు మొక్కుతరు.
నేను తుడిచిన నేలకు.
దోహాల తొమ్మిదేండ్ల సంది తుడుస్తున్న,
ఒక్కరు గట్ల వంగంగ చూడలే.

నేర్పేటామె హిసాయె. అరవై దాటింది.
ఎండిన ఈతమట్ట అసొంటి మనిషి.
మోకాళ్ళ మీద కూసుంటది,
ఎడమ పక్క కట్టెకత్తి, దానికో ప్లాస్టిక్ ఒర.
లేస్తదా లేవదా అన్నట్టు లేస్తది,
గప్పటికే గాలి అడ్డంగ తెగి ఉంటది.
ఎప్పుడు దూసిందో
ఏడు వారాలు చూసిన, దొరకలే.

ఎనిమిదో వారం
నా చేతిల మాప్ కట్టె పట్టుకున్న తీరు చూసి
దగ్గరికొచ్చి నా చిటికెన వేలు ముట్టింది.
"పట్టేది ఇదే. కుడిచెయ్యి ఊకె దారి చూపుతది."
నవ్వొచ్చింది నాకు.
పదహారేండ్లప్పుడు తాటిగెల నా చేతికిచ్చి
మా నాయిన ఇదే మాట తిట్టుకుంట చెప్పిండు,
మోకుల నా కాళ్ళు వణుకుతుంటె:
బలంతోని కొయ్యకురా, గెల సచ్చిపోతది,
కాగితమంత పల్చగ గీరు,
కల్లు దానంతట అదే దిగుతది.

తాళ్ళు కొట్టేసి ప్లాట్ల రాళ్ళు పాతినంక
గీతకత్తి అటుక మీద పెట్టి విమానమెక్కిన.
చెయ్యి మరిచిపోయిందనుకున్న.
ఒక ఒరల రెండు కత్తులు ఇమడవంటరు.
ఏమో,
నా మణికట్టుల ఇమిడినయ్.

సనయ్యల మా క్యాంపు డాబా మీద
పొద్దుగాల నాలుగింటికి,
ఏసీ డబ్బాల నడుమ, ఆరేసిన నీలి డాంగ్రీల నడుమ
మాప్ కట్టెతోని నూరు దెబ్బలు.
జూలై గాలి తడిబట్ట లెక్క మూతికి అంటుకుంటది,
కోస్తె మళ్ళ అతుక్కుంటది.
బెంగాలీ షాజహాన్ బ్రష్ నోట్ల పెట్టుకోని
"ఎవర్ని చంపుతున్నవ్ భాయ్?" అంటడు.

లెక్క తీస్తె చానా మందే.
వీసా అని కాగితం అమ్మినోడు,
మూడు నెల్ల జీతం మింగినోడు,
ఓవర్‌టైం గంటలు కొట్టేసిన ఫోర్‌మన్.
అందర్ని వరుసగ నిలవెట్టి నరికిన.
భుజం పట్టుకున్నది.
హిసాయె చూడంగనే అన్నది:
"నీ ఎదురుంగ మంది ఎక్కువైన్రు.
ఒక్కనే పెట్టుకో,
సరీగ నీ అంత పొడుగున్నోన్ని."

నరికినంక నెత్తురు విదిలిచ్చేది ఒకటున్నది.
ఎవరి నెత్తురు? అని అడిగిన.
జర సేపు సూసింది.
"నలభై ఏండ్ల కింద నేను గూడ అడిగిన.
మా గురువు చాయ తాగుకుంట ఊకున్నడు."

అన్నిటికన్న కష్టం ఒరల పెట్టుడు.
కత్తిని చూడొద్దు.
కండ్లు పడ్డోని మీదనే ఉండాలె.
వీపును ఎడమ చెయ్యి మీద జార్చుకుంట,
మొన దొరికినంక మెల్లగ, ఇంక మెల్లగ,
నిండిన లొట్టితోని మా నాయిన
చెట్టు దిగినట్టు.

రంజాన్ ముంగట ఆమె దేశం పోయింది.
పోతపోత తన కట్టెకత్తి నా చేతుల పెట్టింది.
క్యాంపు గేటు కాడ కెన్యా సెక్యూరిటీ వఫూలా ఆపిండు.
"ఇదేంది?"
"కట్టె."
"కట్టె గిట్ల వంగదు తమ్మీ."
రిజిస్టర్ల రాసిండు:
కర్ర ఒకటి, వంకరది, ఒరతోని.
సంతకం తీస్కున్నడు, కాంట్రాక్టు అయినంక ఇస్తమన్నడు.

తెల్లారి నాలుగింటికి డాబా మీద
మోకాళ్ళ మీద కూసున్న.
"కత్తేది భాయ్?" అన్నడు షాజహాన్.
ఎడమ చేతి వేళ్ళు గుండ్రంగ ముడిచిన, అది ఒర.
దూసిన. నా అంత పొడుగున్నోడు పడ్డడు.
విదిలిచ్చిన.
కింద బస్సు హారన్ కొట్టింది.
రెండోసారి గూడ కొట్టింది.
కత్తి ఇంక జానెడు బయటనే ఉన్నది.