చుక్కలు లేని లిపి

తెమెష్వార్ సూబా, మోరిష్ నది కుడిగట్టు.
ముప్పై ఏళ్ల నాటి దఫ్తరు ఒళ్లో పెట్టుకుని
బ్రెస్తోవ ఊరి నడుమ
గడ్డిబండి నొగ మీద కూర్చున్నాను.
అమీను గారికి గుర్రం దిగే అలవాటు లేదు.
పైనుంచే అడుగుతారు, కిందనుంచి నేను రాస్తాను.

ఇంటికి ఇరవై ఐదు ఆక్చెలు.
మగదిక్కు లేని ఇంటికి ఆరు.
పెళ్లికాని కుర్రాళ్లు తండ్రి పేరు కింద.
తేనెబుట్టలు పదికొకటి.
నీటిమర తిరిగినన్నాళ్లు, నెలకి ఐదు.
"ఆరు నెలలే తిరుగుతుంది, ఆపైన ఏరు ఎండిపోతుంది"
ఊరిపెద్ద ప్రిబిస్లావ్ ప్రమాణం చేశాడు, తడుముకోకుండా.
శరత్కాలం. అతని వెనకాలే
మర గరగరమంటూ తిరుగుతోంది.
అమీను గారు నవ్వలేదు.
ఆరు అని రాశాను.

అప్పుడొచ్చింది యగ్లిక,
చేతులనిండా మైనం వాసన.
మొగుడు పోయి పదకొండేళ్లు.
నేను కలం ముంచేలోగా
"ఆ పాత పుస్తకంలో ఆయనున్నాడా?" అంది.

వేలుపెట్టి వెతికాను.
వుకాషిన్, రాదోయె కొడుకు, పెళ్లికాలేదు.
"ఇంకోసారి."
చదివాను.
చర్చి పుస్తకం మంటల్లో పోయిందట.
సమాధి మీది కొయ్యశిలువని
మోరిష్ పట్టుకుపోయిందట.
"అయితే మీ దగ్గరే ఉన్నాడన్నమాట ఇన్నాళ్లూ"
అంది, నేనేదో దాచినట్టు.

పన్ను తగ్గించమని కాళ్లు పట్టుకున్నవాళ్లని
మూడు జిల్లాల్లో చూశాను.
పెంచమన్నది ఈమె ఒక్కతే.
"ఇరవై ఐదూ నేనే కడతాను.
కొత్తదాంట్లోనూ ఆయన పేరు రాయండి."

సుల్తాను ఖజానా చచ్చినవాళ్ల దగ్గర
సొమ్ము పుచ్చుకోదని
మా గురువు గారు అనేవారు.
అని, కిటికీలోంచి బయటికి చూసేవారు.

మా లెక్కల లిపికి చుక్కలుండవు.
తెలియనివాడికి చీమలబారు,
తెలిసినవాడికి రెండు మూడు అర్థాలు.
వుకాషిన్ అని రాసి
పక్కమాటని కొంచెం సాగదీశాను:
భార్య అనుకుంటే భార్య,
ఇల్లు అనుకుంటే ఇల్లు.
ఎదురుగా పద్దు, ఆరు.
ఆమె ఆకులో చుట్టిన తేనెగడ్డ
బండి మీద పెట్టి వెళ్లిపోయింది.
అది రాయడానికి నా దగ్గర గడి లేదు.

రాత్రి దీపం కింద మొత్తం వేస్తే
పంతొమ్మిది తక్కువొచ్చింది.
మళ్లీ వేశాను. అంతే.
వేళ్లు నాకి, కలం అందుకుని
ప్రిబిస్లావ్ మరని
పది నెలలు తిప్పాను.
ఒక ఆక్చె ఎక్కువైంది.
ఉండనీ.