కప్పు ఊపేదాకా

కూర్చో. ఆ చాప మీద కాదు, తడిసింది. ఇటు.
ఈ గర్గూర్ తీగ ముడేసి మాట్లాడతాను,
బోనుకి చిల్లుంటే చేప మనకంటే ముందు కనిపెడుతుంది.
నీ ఫోన్‌లో బాణం ఎటు చూపిస్తుందో నాకు తెలియదు గానీ
రమ్స్ రేవులో దారి అడిగినవాడికి
మొదట కాఫీ పోస్తాం, తర్వాతే దారి.

మా తిండి ఎక్కడ దొరుకుతుందనేగా?

దుబాయ్‌లో, ఖోర్ పక్కన పాత పేటలో,
గాలి బురుజుల కింద
చెప్పులు విప్పించి నేల మీద కూర్చోబెట్టే ఇళ్లున్నాయి.
మా మనవరాలు ఘాయా అక్కడే వడ్డిస్తుంది.
బలాలీత్ పెడుతుంది: కుంకుమపువ్వు వేసిన తీపి సేమియా,
దాని మీద కోడిగుడ్డు అట్టు.
తీపీ ఉప్పూ ఒకే పళ్లెంలోనా అని మొహం చిట్లించినవాళ్లే
మళ్లీ పళ్లెం చాపుతారట.
వెళ్లు. మంచి పిల్ల. కాస్త ఎక్కువ మాట్లాడుతుంది.

చలికాలమైతే అల్ ఐన్ వైపు పో.
తిరనాళ్ల మైదానంలో
బంగారు మెరుపు ముఖపట్టీలు కట్టుకున్న అవ్వలు
పెనం ముందు గొంతుక్కూర్చుని
పిండిముద్దను అరచేత్తో ఈడ్చి
పూతరేకంత పల్చన రగాగ్ తీస్తుంటారు.
చీజా, తేనా, చాక్లెట్టా అని అడుగుతారు ఈ మధ్య.
నువ్వు మెహ్యావా అడుగు.
ఎండకి నెల్లాళ్లు ఊరిన చిన్న చేపల రసం.
ఆ వాసనకి పక్కవాళ్లు లేచిపోతే
నీకే చోటు మిగులుతుంది.

రంజాన్‌లో వచ్చావా, ఎవర్నీ అడగక్కర్లేదు.
పొద్దు వాలేముందు ఏదో ఒక సందులో నిలబడు.
ఈ ఇంటి హరీస్ ఆ ఇంటికి, ఆ ఇంటి థరీద్ ఈ ఇంటికి
మూత గిన్నెల్లో పిల్లలు మోస్తుంటారు.
గిన్నెను ఖాళీగా తిప్పి పంపడం మాకు తప్పు.
ఒక సంవత్సరం మా హరీసే నాలుగిళ్లు తిరిగి
మా గడపకే వచ్చింది,
పైన నెయ్యి కొంచెం ఎక్కువై.

గోధుమా మాంసమూ రాత్రంతా ఉడకాలి.
ఏది గింజో ఏది కండో
కర్రతో కలియకొట్టే చేతికే తెలియకూడదు.
మా నాన్న ముత్యాల పడవ మనిషి.
నాలుగు నెలలు ఖర్జూరం, చేప, అన్నం,
మళ్లీ ఖర్జూరం.
ఆకలి రుచెరగదంటారు, ఎవరన్నారో.
ఒడ్డుకొచ్చిన రోజు హరీస్ గిన్నె ముందేసుకుని
మొదటి ముద్దకే ఏడ్చాడట.
ఉప్పు తక్కువైందేమోనని మా నాయనమ్మ కంగారు.

ఇక మద్రూబా.
అదెక్కడో చెప్పను.
దాచడం కాదు. ఎక్కడని చెప్పను?
ఆ నీలం తలుపు చూశావా, గోడ మీద వల ఆరేసింది?
అక్కడ చేసేది కల్థమ్.
ఉప్పుచేప ముళ్లు దీపం దగ్గర పెట్టుకుని ఏరేది.
ఎండు నిమ్మకాయను రాతితో చితక్కొట్టి
గింజలు తీసి పారేసేది, చేదని.
కోడలూ ఆ గింజలు తీస్తుంది.
ఆ రాయే. ఆ గిన్నే. చేప నేను పట్టిందే.
బాగానే ఉంటుంది.
బాగుందని చెప్తాను కూడా, రెండుసార్లు.

అయ్యో, మళ్లీ పోశానా?
నీకెవరూ చెప్పలేదా?
చాలనుకుంటే కప్పును ఇలా, రెండు వేళ్ల మధ్య,
అటూ ఇటూ ఊపాలి.
ఊపేదాకా పోస్తూనే ఉంటాం,
ఆపడం పోసేవాడి చేతిలో లేదు.
ఐదు కప్పులయ్యాయి. లెక్క నాకు తెలుసు.
తెలిసే ఊరుకున్నాను.

ఇంకొక్కటి తాగు.
దుబాయ్ ఎక్కడికీ పోదు.
నీలం తలుపు వెనక రాతి చప్పుడు వినపడుతోందా?
నిమ్మకాయలు.