గడియ

వాల్పరైసో కొండమీది ఆ చిన్న ఆసుపత్రిలో
నాకిచ్చిన పని ఇంతే.
తలుపు పక్కన ముక్కాలిపీట, చేతిలో స్టాప్‌వాచ్.
లోపల గడియ పడిన చప్పుడుకి ఒకసారి నొక్కాలి,
గడియ తీసిన చప్పుడుకి ఇంకోసారి.
బయటికొచ్చిన మనిషిని అడగాలి:
"డాక్టరుగారు మీతో ఎంతసేపు ఉన్నారు?"
కాగితం మీద రెండు గళ్ళు.
ఒకటి వాచీది, రెండోది వాళ్ళది.
యూనివర్సిటీ వాళ్ళు కాగితానికి ఇంతని ఇచ్చేవారు.
ఆ శీతాకాలం మా ఇంటి గ్యాసు పొయ్యి
ఆ కాగితాల మీదే వెలిగింది.

మొదటిరోజే ఎలెయుతేరియో మాన్సియా.
రేవులో నలభై ఏళ్ళు మూటలు మోసిన వీపు.
వాచీ: నాలుగు నిమిషాల పది సెకన్లు.
ఆయన: "అరగంట ఉంటుందమ్మా, ఇంకా ఎక్కువే."
నవ్వు ఆపుకున్నాను.
"నా వేలు చూసింది," అన్నాడు,
సగం లేని చూపుడువేలు పైకెత్తి,
"ఏ ఓడ తినేసిందని అడిగింది.
పేరు చెప్పాను. దాని రంగు కూడా అడిగింది."
ఆ నాలుగు నిమిషాల్లో ఒక ఓడ
రేవులోకొచ్చి, సరుకు దించి, వెళ్ళిపోయింది.

యాస్నా, చంటిబిడ్డ తల్లి.
వాచీ: పందొమ్మిది.
"పట్టుమని ఐదు నిమిషాలు లేదు," అంది,
బిడ్డను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటూ.
అదే డాక్టరు, అదే కుర్చీ.
ఆ రోజు కంప్యూటరు మొరాయించింది.
పద్నాలుగు నిమిషాలు ఆవిడ దానికే వైద్యం చేసింది.

సరిగ్గా చెప్పింది ఒక్కడే ఒక్కడు,
గడియారాలు బాగుచేసే ఫాబ్రిసియో.
"ఎనిమిది నిమిషాల నలభై సెకన్లు."
నా వాచీ కూడా అదే అంది.
సంబరపడిపోయి, డాక్టరేం చెప్పింది అన్నాను.
గోడమీది ముల్లునే చూస్తూ కూర్చున్నాడట,
వినలేదట.

దోన్యా ఒర్తెన్సియా నా ప్రశ్ననే ఒప్పుకోలేదు.
"తెల్లారుజామున ఐదింటికి వరసలో నిలబడ్డాను,
అక్కణ్ణుంచి లెక్కెయ్యి."
లోపలున్న సేపే కావాలండీ అన్నాను.
"మరి బయట నిలబడ్డ కాళ్ళు ఎవరివనుకున్నావు?"
నా పెన్ను లాక్కుని తనే రాసింది: ఆరు గంటలు.

డాక్టరు హిమేనా ఒయార్సూన్
నా కాగితాల వైపు ఎప్పుడూ తొంగిచూడలేదు.
ఒక సాయంత్రం మాత్రం, కోటు విప్పుతూ,
"ఇవాళ ఎంతమందిని చూశాను?" అంది.
ముప్పై నలుగురు.
పదిమందో పదకొండుమందో అనుకుందట.
గోడకు ఆనుకుని నిలబడిపోయింది.
ఆ నిలబడ్డం నేను కొలవలేదు.

ఆగస్టులో, వానరోజు, నేలిదా.
తడిసిన గొడుగు నా చేతికిచ్చి లోపలికెళ్ళింది.
వాచీ: ఏడు నిమిషాలు.
బయటికొచ్చింది. చేతిలో కవరు.
అడగకూడదని తెలుసు.
గ్యాసు బండ గుర్తొచ్చి అడిగాను.
"తెలీదు," అంది.
"నేనింకా లోపలే ఉన్నాను."
గొడుగు మర్చిపోయి వానలోకి దిగిపోయింది.

ఆ గడి ఖాళీగానే పంపాను.
యూనివర్సిటీ కుర్రాడు ఫోన్ చేశాడు.
ఖాళీ ఉంటే లెక్క కుదరదు, సగటు వేసేస్తానన్నాడు.
వేశాడు. పదకొండున్నర.
డబ్బులిచ్చాడు. తీసుకున్నాను.

నవంబరులో, కొండ దిగే పాత తాళ్ళబండిలో,
నా ఎదురు బల్లమీద ఆవిడే.
జుట్టు పొట్టిగా ఉంది, ఒళ్ళో రొట్టెల సంచి.
బండి కీచుమంటూ కదిలింది.
"నా కాగితం ఉందా?" అంది.
లేదన్నాను. ఎప్పుడో పంపేశానన్నాను.
సగటు సంగతి చెప్పలేదు.
"పోనీ, గుర్తుపెట్టుకో.
నిన్న బయటికొచ్చాను.
అంట్లు తోముతుంటే, మధ్యాహ్నం రెండింటప్పుడు."

కింద బండివాడు గడియ తీశాడు.
ఎండ మొహానికి కొట్టింది.
దిగబోతూ ఆగి, వెనక్కి తిరిగి,
"నా గొడుగేదీ?" అంది.