కొసరు

కత్తెరల చప్పుడు మొదలవ్వగానే
బొంబోరాను వెనకగదిలో కట్టేస్తాను.
ఈ అలజాని లోయలో ద్రాక్షకోతలంటే ఊరికి పండగ,
నా కుక్కకు మాత్రం జైలు.

తలుపు గీరుతుంది. మూలుగుతుంది.
నేను అటు వెళ్ళగానే ఏడుపు ఆపి
అడుగుల చప్పుడు వినగానే మళ్ళీ మొదలెడుతుంది.
నోరు లేని జీవాలంటారు వీటిని.
నన్నడిగితే, ఉన్నదంతా నోరే.

మా ఆయన అవ్తాందిల్ చేతికి ఎముక లేదు.
తాగిన ప్రతి గ్లాసుకీ ఒక ద్రాక్షపండు
బల్ల కిందికి జారేది.
"ఒక్కటే కదా లమారా,
ఒక్క పండుకి ఏమవుతుంది?"
ఆరేళ్ళు ఏమీ అవ్వలేదు.
ఆరేళ్ళూ ఆయనే గెలిచాడు.

ఏడో ఏడు
బల్ల కింద ఎన్ని తిన్నదో,
పిప్పిగుట్ట దగ్గర ఎంత నాకిందో,
రాత్రంతా కక్కింది.
తెల్లారేసరికి నీళ్ళగిన్నె వంక కూడా చూడలేదు.
లారీలో ద్రాక్షపెట్టెల మధ్య పడుకోబెట్టి
తెలావి తీసుకెళ్ళాం.
చుట్టూ అవే పళ్ళు,
మంచుతడితో నిగనిగలాడుతూ,
తమకేమీ తెలియనట్టు.

డాక్టర్ నుగ్జార్ చేతులు కడుక్కుంటూ అన్నాడు:
"మూత్రపిండాలు దెబ్బతిన్నాయి.
కొన్ని కుక్కలు గంపెడు తిని గంతులేస్తాయి,
కొన్ని గుప్పెడుతోనే పోతాయి.
ఏది ఏ కుక్కో ముందే చెప్పే విద్య నాకు రాదు."

మూడు రోజులు సెలైన్.
మూడు రోజులూ ఆయన ఆ ఆసుపత్రి మెట్ల మీదే,
కోతలు కూలీలకొదిలేసి.
నాకు జ్వరమొస్తే ఒక్కపూట పక్కన కూర్చోని మనిషి!

బతికింది.
క్షమించమని ఆయన ఎవర్నీ అడగలేదు.
యాపిల్ కొయ్యడం నేర్చుకున్నాడు.

తీగలు కత్తిరించే వంకర చాకుతో
కాయని నాలుగు చేసి
గింజల గూడు తవ్వి పారేసి
తొడిమ తుంచి
గోరంత ముక్కలు రెండు.
రెండే.
మూడోదాని కోసం అది తోకతో నేలంతా ఊడ్చినా సరే.
పీచ్ పళ్ళ రోజుల్లో టెంకలు లెక్కపెట్టి మరీ
జేబులో వేసుకునేవాడు, వడ్డీవ్యాపారి చిల్లరలా.
నా ఉతుకు నీళ్ళలో ఎన్ని తేలాయో.
పుచ్చకాయైతే గింజలేరిన ఎర్రగుజ్జు దీనికి,
తొక్క కోళ్ళకి.

"పండు దీనికి తిండి కాదు, కొసరు" అనేవాడు
ఆ మాట తనే కనిపెట్టినట్టు.
"తూకం అయ్యాక సంతలో ముసలమ్మ
చేతిలో పెట్టే రెండు మిరపకాయలు.
కొసరుతోనే సంచి నింపుకుంటామా?"

అలా ముసలితనంలో
ఆ చేతికి ఎముక మొలిచింది.

ఆయన పోయాక ఇది మూడో కోత.
ఇవ్వాళ బల్లచుట్టూ పన్నెండుమంది.
పెద్దాయన లేచి అవ్తాందిల్ పేర గ్లాసెత్తాడు.
అందరూ లేచారు.
ఎవరు విప్పారో,
బొంబోరా కూడా వచ్చి నా కాళ్ళ దగ్గర నిలబడింది.

అప్పుడే బల్ల ఆ చివర్నుంచి
త్బిలిసి నుంచి వచ్చిన కుర్రాడు గోచా గొంతు:
"పాపం, ఎలా చూస్తోందో! ఒక్కటే కదా..."

ఒక్క క్షణం
మా ఆయనే అన్నాడనుకున్నాను.
ఆ క్షణంలోనే పండు గాల్లోకి లేచింది,
దీని దవడ టక్కుమంది.

గ్లాసు ఎక్కడ పెట్టానో తెలీదు.
మోకాళ్ళ మీద పడి, దవడ విప్పి,
మణికట్టు దాకా చెయ్యి పెట్టి
పండుని బయటికి లాగాను,
తడితడిగా, చిట్లకుండా.
పన్నెండుమందీ గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడ్డారు.

కొంగున ఉన్న చాకు తీసి గోచా చేతిలో పెట్టాను.
"అదిగో యాపిల్. గింజలు తియ్యి. రెండు ముక్కలు."
పాపం, ఎర్రబడిపోయి కోశాడు,
డాక్టరు ఆపరేషన్ చేసినంత శ్రద్ధగా.

నా గుప్పిట్లో ద్రాక్షపండు ఇంకా అలాగే ఉంది.
పారెయ్యబుద్ధి కాలేదు.
ఆయన పేర తాగాల్సిన గుక్కకి బదులు
దుస్తులకు తుడిచి
నోట్లో వేసుకున్నాను.
చెప్పొద్దూ, చాలా తియ్యగా ఉంది.

బొంబోరా నన్నే చూసింది,
దొంగని చూసినట్టు.
యాపిల్ ముక్కలు రెండూ తిన్నది.
క్షమించలేదు.