పద్నాలుగు నిమిషాలు

ఆదోనిలో ఇరవయ్యారేండ్లుగా తలకాయలు చూస్తున్నోణ్ణి.
నోరు దాచింది మాడు దాచలేదు.
అయినా, జిన్నింగు మిల్లులో కొత్త ప్రెస్సు బిగించడానికొచ్చిన
ఆ దక్షిణాఫ్రికా మనిషి
నా కుర్చీలో కూలబడిన రోజు
కుర్చీ ఒకసారి మూలిగింది, నేను రెండుసార్లు.

గుడ్డ చుట్టబోతే కొసలు కలవలే.
మెడ ఉంటే కదా! తల నేరుగా భుజాల్లోకి దిగబడింది,
గుంజను నేలలోకి దిగ్గొట్టినట్టు.
చివరికి బూటులేసుతో ముడేసినా.
పేరు లుథాండో. బజారు రెండు రోజులు నమిలి
తాండవ అని మింగేసింది.

ఎడమ చెవి చెవి కాదు,
పిసికి ఆరేసిన బొరుగుల ముద్ద.
కత్తి యాడ పెట్టాలో తెలీక ఆగినా.
పాలిటెక్నిక్ చదివిన మా మునెప్ప నడుమ నిలబడి
ఆ ఇంగ్లీషును ఇటు తోడిపోసినాడు:
రగ్బీ అంట. ఎనిమిది మంది ఇటు, ఎనిమిది మంది అటు,
తలల సందుల్లో తలలు దూర్చి నెడతారంట.
ఈయన ముందు వరస, కుడి పక్క.
పదమూడేండ్లు ఆ చెవి
ఎదుటోని చెవికి రాసుకొనే అన్నం తినింది.

ఆ పొద్దు నుంచి గడ్డం గీస్తా గీస్తా చదివినా ఆయన్ను.
కనుబొమ మీద పదకొండు కుట్లు: మొదటి కాంట్రాక్టు,
వాళ్ళమ్మ ఇంటికి రేకులు పడిన సంవత్సరం.
ముక్కు మూడుసార్లు మూడు దిక్కులకు పోయొచ్చింది,
ఒక విరుపు ఫ్రాన్సులో, చలికాలం, రెండో తరగతి జట్టు,
రెండు నెలల జీతం ఎగ్గొట్టినారంట.
పక్కకు చూడాలంటే
ఇరుకు సందులో బండి మలుపుకున్నట్టు ఒళ్ళంతా తిప్పాల.
పాదాలు నా పనిలోకి రావు, అయినా చెప్పినాడు:
మేకలు మేపే ఊర్లో, అన్న బూట్లలో గుడ్డలు కుక్కుకొని
పదిహేనేండ్ల దాకా ఆడినాడంట.
ముప్పై రెండుకు మోకాలు రాజీనామా ఇచ్చింది.
ఆఫీసులో ఎవరో టీ ఇచ్చి, చెయ్యి కలిపి,
తలుపు చూపించినారు.

"దేశం జెర్సీ?" మునెప్ప అడిగినాడు.
ఒకేసారి. వీపు మీద పద్దెనిమిది అంకె.
ఎవరికో దెబ్బ తగిలితే దింపినారు.
పద్నాలుగు నిమిషాలు.

ఆ మాటకు ఆయన అద్దంలో నన్ను చూడలే,
నా వెనక గోడ గడియారాన్ని చూసినాడు.

పద్నాలుగు నిమిషాలంటే నాకు తెల్సు.
ఒక గడ్డం, మీసం కొసలు, పటిక రాయి, పౌడరు.
అరవై రూపాయల పని.
దానికోసం మనిషి చెవినిచ్చేస్తాడా?
అడగలే. నురగ కలుపుకున్నా.

కార్తీకంలో తుపాను పట్టింది.
మార్కెట్ యార్డు వెనక నల్లరేగట్లో
పత్తి లారీ ఇరుసుల దాకా కూరుకపోయింది.
హమాలీలు పన్నెండు మంది, కేకలు పన్నెండు,
బలం పన్నెండు దిక్కులకు.
తాండవ ప్యాంటు మడిచి దిగినాడు.
ఉరుకుందు చెయ్యి తీసి నబీరసూలు నడుముకు పట్టించినాడు,
వాని భుజం కింద వీని భుజం,
తలకాయలు కిందికి, వీపులు బల్లల మాదిరి,
వేళ్ళు బురదలోకి.
మాటల్లేవు, అరచేత్తో వీపులు చరిచి చెప్పినాడు.
కుడి పక్క తను దూరినాడు.
అందరిదీ ఒకే ఊపిరి.
తర్వాత ఆయన కడుపులోంచి ఒక అరుపు,
ఏ భాషదో, హమాలీలకు తెలిసిన భాషే.
లారీ కదిలింది.

అందరూ ఎగిరినారు. ఆయన లేయలే.
మోకాలు పట్టుకొని బురదలో కూర్చోని నవ్వుతున్నాడు,
వానలో అది నవ్వేనా అని నేను తరచి చూళ్ళే.
గొడుగు పట్టుకొని పోతే
బురద కప్పిన చేతిగడియారం ఎత్తి చూపించినాడు:
ఎంతసేపు?
నాకేం తెల్సు, నాలుగో అయిదో.
రెండు చేతులూ విప్పినా, పది.
మళ్ళీ ఒక చెయ్యి, అయిదు.

ప్రెస్సు బిగిసింది. ఆయన పోయినాడు.
ఆ బూటులేసు మాత్రం కొక్కేనికి అట్లనే ఉంది,
లావు షావుకార్లకు పనికొస్తాంది.